రెండుసార్లు తొక్కాలి

గ్రేసీ ఏదో ట్రైనింగుకని నందిగామ వెళ్ళింది. మధ్యాహ్నం భోజనానికి బయటికొచ్చి వీధి వెంట నడుస్తుంటే, ఒక ఇంటి ముందు రేకుల షెడ్డులో లేతనీలం రంగు ప్రీమియర్ పద్మిని కారు కనిపించింది. బానెట్ ఎత్తి ఉంది. పంచె ఎగ్గట్టుకున్న పెద్దాయన ఒకరు పాతగుడ్డతో ఇంజను తుడుస్తున్నారు. గేటుకు అట్టముక్క మీద ‘కారు అమ్మబడును’ అని రాసి ఉంది.

ఆమె గేటు దగ్గర నిలబడిపోయింది. ఫిజిక్స్ టీచరు. పెనుగంచిప్రోలు హైస్కూల్లో పని, జగ్గయ్యపేటలో కాపురం. కారు కొనాలని ఇంట్లో చాన్నాళ్ళుగా అనుకుంటున్నారు. షోరూముల్లో చూసిన కార్లన్నిటికీ బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనబడలేదు. ఇక్కడ అన్నీ కనబడుతున్నాయి. ఇది రేడియేటరు, ఇది ఫ్యాను బెల్టు, ఇదిగో కార్బురేటరు.

“చూడొచ్చాండీ?” అంది.

పెద్దాయన పేరు ఉమాకాంతం. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఎడమ మోకాలికి ఆపరేషనయ్యాక క్లచ్ తొక్కొద్దన్నారట డాక్టరు. అందుకని అమ్మకానికి పెట్టారు. పెట్టారన్న మాటేగానీ, వచ్చినవాళ్ళనందర్నీ ఏదో ఒక వంక పెట్టి పంపేస్తున్నారని ఆయన భార్య చూడామణి గారు మజ్జిగ గ్లాసు చేతికిస్తూ చెప్పారు.

“డ్రైవింగ్ వచ్చా నీకు?” అనడిగారాయన.

“మా తమ్ముడి కారు నడుపుతానండి.”

“అది కాదమ్మా. దీన్ని నడపటం వేరు.”

నిజంగానే వేరు. గేరు రాడ్డు స్టీరింగు కిందే ఉంటుంది. పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేసి, ఇంజను కాస్త వేడెక్కాక మెల్లగా లోపలికి తోసెయ్యాలి. ఎండాకాలం కొంచెం దూరం పోగానే ఇంజను వేడి చూపించే వేడిముల్లు మీద ఓ కన్నేసి ఉంచాలి. బేరం కుదిరాక కూడా ఆయన తాళంచెవి ఇవ్వలేదు. కొన్ని ఆదివారాలు వచ్చి తన ఎదుట నడపమన్నారు. గ్రేసీ ప్రార్థన అయిపోగానే బస్సెక్కి వచ్చేది. ఆయన పక్క సీట్లో, చూడామణి గారు వెనక సీట్లో. ముగ్గురూ కంచికచర్ల దాకా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళు.

“బ్రేకు ఒకసారి తొక్కితే పట్టదు. రెండుసార్లు తొక్కాలి,” అని మొదటిరోజే చెప్పారాయన. “అది దీని తీరు. చేతికి అలవాటైనట్టు కాలికీ అలవాటైపోతుంది.”

అలాగే అలవాటైంది. రెండు తొక్కులకు ఎంత ముందుగా కాలు పెట్టాలో ఆమె కాలికే తెలిసిపోయింది.

కారు జగ్గయ్యపేట వచ్చాక గ్రేసీ భర్త బెన్ని చుట్టూ తిరిగి చూసి, “బాగుందిగానీ, నేను మాత్రం బండి మీదే పోతా,” అన్నాడు. సిమెంటు ఫ్యాక్టరీలో అతని షిఫ్టులు అతనివి. గ్రేసీ మాత్రం రోజూ కారులోనే స్కూలుకి. హిందీ టీచరు కమలాకుమారి దార్లో ఎక్కేది. సాయంత్రం ఇంటికి రాగానే ఉమాకాంతం గారి ఫోను.

“ఇవాళ ఎలా నడిచిందమ్మా?”

“బానే నడిచిందండి.”

“రేడియేటర్లో నీళ్ళు చూసావా?”

“చూసానండి.”

“ఎండలో పెట్టలేదుగా?”

మొదట్లో ముచ్చటగా ఉండేది. రానురాను, ఎవరి కారో తను అరువు తెచ్చుకుని నడుపుతున్నట్టు అనిపించసాగింది. బెన్ని నవ్వి, “కారు అమ్మారుగానీ ఆయన దిగలేదు,” అనేవాడు.

పత్తి తీతలు సాగుతున్న రోజుల్లో జరిగిందది. పెనుగంచిప్రోలు ఇంకా కొంచెం దూరముందనగా రోడ్డు పల్లంలోకి దిగుతుంది. ముందు పత్తి బస్తాల ట్రాక్టరు పోతోంది. గొర్రెలమంద ఒకటి అడ్డం రావటంతో ట్రాక్టరు ఆగిపోయింది. గ్రేసీ బ్రేకు తొక్కింది. మళ్ళీ తొక్కింది. కాలికి ఏమీ తగల్లేదు. మూడోసారి పెడలు నేలకి ఆనుకుని అక్కడే ఉండిపోయింది.

కమలాకుమారి ఫోన్లో ఎవరికో మెసేజి పెట్టుకుంటోంది.

గ్రేసీకి అరవాలనిపించలేదు. అరిచే తీరిక లేదు. గేరు మూడు నుంచి రెండుకి లాగింది. ఇంజను గట్టిగా మూలిగింది, వేగం కొంత తగ్గింది. ఒకటికి లాగబోతే పడక గరగరమంది. డాష్‌బోర్డు కింద హ్యాండ్‌బ్రేకు పట్టుకుని గట్టిగా లాగింది. వెనక చక్రాలు ఈడ్చుకున్నాయి. ట్రాక్టరు వెనక తలుపు మీద రాసిన పేరు చదవగలిగేంత దగ్గరికొచ్చేసింది. ఎడమవైపు రోడ్డు పని కోసం పోసిన కంకర గుట్ట ఉంది. స్టీరింగు అటు తిప్పింది. ముందు చక్రాలు గుట్ట మీదికి సగం ఎక్కాయి. కారు ఒకవైపు వంగి ఆగిపోయింది.

కమలాకుమారి తలెత్తి చూసి, “ఇక్కడ ఆపావేంటి?” అంది.

 గ్రేసీ ఇంజను కట్టేసింది. గొర్రెలు దాటిపోయాయి. ట్రాక్టరు కదిలి తన దారిన తను వెళ్ళిపోయింది. ఆ డ్రైవరుకి ఏమీ తెలియదు.

విషయం తెలిశాక కమలాకుమారి దిగి, రోడ్డు పక్కన మైలురాయి మీద కూర్చుని, మంచినీళ్ళ సీసా సగం తాగేసింది. ఇద్దరూ ఆటోలో స్కూలుకి వెళ్ళారు. ఆటోలో గ్రేసీకి ఒకటే ఆలోచన. ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమంగా పోతుందని ఏటా తరగతిలో చెబుతుంది. కారు బ్రేకు బొమ్మ బోర్డు మీద వేసి మరీ చెబుతుంది. మొదటి తొక్కు ఏమైపోతోందని తనెందుకు అడగలేదు?

సాయంత్రం మెకానిక్కు ఏలీయా తాడు కట్టి కారుని జగ్గయ్యపేటలో తన షెడ్డుకి లాగించుకొచ్చాడు. వెనక చక్రం ఊడదీసి చూపించాడు. డ్రమ్ము లోపలంతా బ్రేకాయిలు తడి.

“ఇవాళ మొదలైంది కాదక్కా ఇది. లోపల రబ్బరు వాషర్లు ఎప్పుడో అరిగిపోయినయ్. రెండోసారి తొక్కినప్పుడు ఎట్టాగో పట్టుకుంటా వచ్చింది. మొన్న నేనూ నడిపాగా, పాత బండి కదా అని నేనూ పట్టించుకోలా.”

“అది దీని తీరు అన్నారు ఆయన.”

“రోజూ చూసేవాళ్ళకి అట్టానే ఉంటదిలే అక్కా.”

అప్పుడే ఫోను మోగింది. ఉమాకాంతం గారు. గ్రేసీ జరిగింది చెప్పింది.

“నువ్వు సరిగ్గా తొక్కి ఉండవమ్మా. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ అలా కాలేదు.”

“వాషర్లు అరిగిపోయాయండి. నా కాలు కాదు,” అని గ్రేసీ ఫోను పెట్టేసింది. పెద్దాయనతో అలా మాట్లాడటం ఆమెకే కొత్త.

మర్నాడు ఫోను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

“అమ్మేద్దామా?” అనడిగాడు బెన్ని, అన్నం కలుపుకుంటూ.

“ముందు బాగుచేయిద్దాం. అప్పటికీ భయం పోకపోతే అమ్మేద్దాం.”

వాషర్ల కిట్టు జగ్గయ్యపేటలో దొరకలేదు. బెన్ని సెలవురోజున విజయవాడ వెళ్ళి, పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి పట్టుకొచ్చాడు. కారు వద్దన్న మనిషి ఆ చిన్న డబ్బాని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు. బ్రేకు పైపుల్లోంచి గాలి తీసేటప్పుడు గ్రేసీనే సీట్లో కూర్చోమన్నాడు ఏలీయా. అతను చక్రం దగ్గర పడుకుని, “తొక్కి పట్టుకో అక్కా... ఆ, వదులు... మళ్ళీ తొక్కు,” అంటున్నాడు. సన్న గొట్టంలోంచి బుడగలు బుడగలుగా వచ్చి, చివరికి ఒట్టి ఆయిలే వచ్చింది. పెడలు కాలికింద కొంచెం కొంచెంగా గట్టిపడటం ఆమెకు తెలుస్తూనే ఉంది. బుడగ ఉన్నంతసేపూ తను తొక్కింది గాలినే.

ఆదివారం ప్రార్థన అయ్యాక గ్రేసీ షెడ్డుకి వెళ్ళేసరికి కారు పక్కన స్టూలు మీద ఉమాకాంతం గారు కూర్చుని ఉన్నారు. పక్కన చూడామణి గారు, చేతిలో టిఫిన్ క్యారేజీ. ఇద్దరూ బస్సులో వచ్చారట.

“ఫోను చేస్తే నేనే వచ్చేదాన్నిగా,” అంది గ్రేసీ.

“ఫోన్లో అన్నదానికి ఫోన్లో చెబితే చాలదు,” అన్నారాయన. “నీ కాలు తప్పన్నాను. అనకూడని మాట.”

చూడామణి గారు అందుకున్నారు. “చెప్పకపోతే ఏంగానీ, ఆయన బ్రేకు తొక్కినప్పుడల్లా ఇటుపక్క నేనూ కాళ్ళు బిగపట్టేదాన్నమ్మా. ఏమన్నా అంటే, నీకు కార్ల సంగతి తెలీదనేవారు.”

“ఒక్కసారి తొక్కి చూడనా?” అని ఉమాకాంతం గారు గ్రేసీని అడిగారు.

ఆమె తలుపు తీసింది. ఆయన ఎడమ కాలు చేత్తో పట్టుకుని లోపలికి పెట్టుకుంటూ, మెల్లగా సీట్లో కూర్చున్నారు. కుడికాలు పెడలు మీద పెట్టి నొక్కారు. అది కొంచెం దిగి, గట్టిగా నిలబడింది. అలవాటుగా రెండోసారి ఎత్తబోయిన కాలు గాల్లోనే ఆగింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ అక్కడే నిలబడింది.

“కొత్తలో ఇలాగే ఉండేది,” అన్నారు. “మర్చిపోయా.”

ఏలీయా ఏదో వెతుక్కునే వంకతో పక్కకి వెళ్ళిపోయాడు.

“మిమ్మల్ని నేను దింపుతానండి,” అంది గ్రేసీ. అనేశాకే గుర్తొచ్చింది. ఆ రోజు తర్వాత తను రోడ్డు మీద నడపనేలేదు.

చూడామణి గారు తిన్నగా వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నారు. “మీరు వెనక కూర్చోండి ఇవాళ,” అన్నారు భర్తతో. ఆయన దిగి వెనక కూర్చున్నారు.

ఊరు దాటేదాకా గ్రేసీ రెండో గేరులోనే పోనిచ్చింది. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాక ఒక లారీ ముందు నెమ్మదించింది. కాలు పెడలు మీదికి వెళ్ళింది. ఒక్క తొక్కుకే కారు ఒద్దికగా తగ్గింది. చూడామణి గారి పాదాలు కదల్లేదు.

వెనక నుంచి ఒక్క సలహా కూడా రాలేదు. ఒకచోట మాత్రం, “ఈ పక్కన ఇంత మిరపతోట ఉందా!” అన్నారాయన. ఎప్పుడూ రోడ్డునే చూస్తూ పోయిన మనిషి. అద్దం దించి, చేను అయిపోయేదాకా తల తిప్పి చూసారు. నందిగామ వచ్చేసరికి నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతున్నారు.

“ఈ కారులో ఈయన నిద్రపోవటం ఇదే చూడటం,” అన్నారు చూడామణి గారు గొంతు తగ్గించి. “లేపకు. వీధి చివరిదాకా పోయి తిప్పుకురా.”

గ్రేసీ వీధి చివరిదాకా పోయి, తిప్పుకుని, మెల్లగా వచ్చి ఇంటి ముందు ఆపింది.

ఆయన లేచాక, క్యారేజీలో తెచ్చిన పులిహోర ముగ్గురూ అక్కడే తిన్నారు. ఎండ తగ్గాక గ్రేసీ ఒక్కతే బయల్దేరింది. హైవే మీద సగం దూరం వచ్చాక ఎక్కడో సన్నగా కీచుమని వినబడింది. అద్దాలు దించి విన్నది. ఇంజను వేగం పెంచితే పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. ఫ్యాను బెల్టు వదులై ఉంటుందనుకుంది. రోడ్డు పక్కకి తీసి ఆపి, ఇంజను కట్టేసి, బానెట్ ఎత్తింది. వేలితో బెల్టు నొక్కి చూస్తే ఉండాల్సిన దానికన్నా ఎక్కువే లోపలికి పోయింది. వేడిముల్లు మధ్యలోనే ఉంది గనక ఇంటిదాకా పర్వాలేదు. రేపు పొద్దున్నే తనే బిగించుకోవచ్చు.

బానెట్ దించి, చేతులు తుడుచుకుని, మళ్ళీ స్టార్ట్ చేసింది. ఆ కీచుమనే చప్పుడుతోనే, తొందరేమీ లేకుండా, జగ్గయ్యపేట వైపు పోనిచ్చింది.