నన్ను వల్లె వేసిన వారం

"నేను టీలో చక్కెర ఎన్ని చెంచాలు వేసుకుంటాను?" అని అడిగాను, రొట్టె మీద అవకాడో రాస్తూ.

నాచో ఫోన్‌లోంచి తల ఎత్తాడు. "రెండు."

"నేను చక్కెర మానేసి ఆరేళ్ళయింది."

"అదేంటి, ఒక్కసారైనా చెప్పావా నాకు?" అన్నాడు, తప్పు నాదైనట్టు. మేం చిలీ వాళ్ళం రాత్రి భోజనమైనా మానేస్తాం గానీ సాయంత్రం టీ, రొట్టె మానం. ఆ టీ రోజూ నేనే పెడతాను, ఈ బల్ల దగ్గరే ఎదురెదురుగా కూర్చుని తాగుతాం. చక్కెర డబ్బా అతని కప్పు పక్కనే ఉంటుంది. అది ఒక్కసారి కూడా నా వైపు రాలేదని మొగుడికి నేను నోరు తెరిచి చెప్పాలట.

ఈ ప్రశ్నలు సరదాకి కాదు. ఈ న్యూజిలాండ్‌లో ఉండిపోవడానికి మేం పెట్టుకున్న రెసిడెన్సీ దరఖాస్తు చూస్తున్న అధికారిణి వచ్చే సోమవారం మా ఇద్దరితో విడివిడిగా ఫోన్లో మాట్లాడతానంది. మేమిద్దరం నిజంగా మొగుడూ పెళ్ళాల్లా బతుకుతున్నామో లేదో తేల్చుకోవాలట. దరఖాస్తు నాచోది. ట్రాక్టర్లు బాగుచేసే డీజిల్ మెకానిక్ కాబట్టి నైపుణ్యం ఉన్నవాడి కింద లెక్క. నేను అందులో అతని భార్యని, అంతే. ఇంటి అద్దె అతని పేరున, కరెంటు అతని పేరున, కారు అతని పేరున. ఈ ఇంట్లో నేను ఉన్నాననడానికి ఉతికిన బట్టలు, తోమిన గిన్నెలు తప్ప సాక్ష్యం లేదు, వాటిని ఏ ఆఫీసూ ఒప్పుకోదు. ఆవిడకి నమ్మకం కుదరకపోతే నాచో ఇక్కడే ఉంటాడు, నేను పెట్టె సర్దుకోవాలి.

నవ్వొచ్చేదేమిటంటే, ఈ దేశానికి ముందు వచ్చింది నేను. అంతకుముందు చిలీలోని కాన్సెప్సియాన్‌లో ఒక ఆఫీసులో భవనాలకి నక్షాలు గీసేదాన్ని, కాపురం మాత్రం అత్తగారింట్లో. న్యూజిలాండ్ వర్కింగ్ హాలిడే వీసాలు, అంటే ఏడాదిపాటు అక్కడ తిరుగుతూ పని చేసుకోనిచ్చేవి, ఏడాదికోసారి వదులుతారు, వేలమంది ఒకేసారి ఎగబడతారు, నిమిషాల్లో అయిపోతాయి. ఆఫీసు కంప్యూటర్లో నక్షా వెనక ఆ పేజీ దాచుకుని బటన్ నొక్కాను. వచ్చింది. ఇంటికెళ్ళి చెప్తే అత్తగారు చేతిలో గరిట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "పెళ్ళయిన దానివి, సెలవులకి ఒక్కదానివే పోవడమేంటమ్మాయ్, అదీ పని చేసుకోడానికి! పనే కావాలంటే మనింట్లో లేదా?" అంది. మనింట్లో పనికేం కొదవ, అందుకే కదా పోతున్నాను అని నోటిదాకా వచ్చింది.

ఆ ఏడాది నేను ఉత్తర దీవిలో కివీ పళ్ళు కోశాను. ఒక పాత వ్యాను కొనుక్కుని అందులోనే పడుకున్నాను. ఆకలేస్తే తిన్నాను, లేకపోతే లేదు. సాయంత్రం పని దిగాక తలుపు తెరుచుకుని కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చుంటే, ఎవరికి ఏం కావాలో ఆలోచించాల్సిన పని ఉండేది కాదు. ఒంటరిగా ఉంటే ఏడుస్తాననుకున్నాను. ఏడవలేదు సరికదా, పాటలు పాడాను. ఆ పాడిన గొంతు నాదేనా అని ఇప్పటికీ అనుమానం నాకు. తర్వాత నాచో ఫోన్లో ఏడ్చాడు. "నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు బొద్దూ," అన్నాడు. మా దగ్గర మొగుళ్ళు సన్నగా ఉన్న పెళ్ళాన్ని కూడా అలాగే ముద్దు చేస్తారు. నాకూ బెంగగానే ఉంది, అబద్ధమెందుకు. తనూ అదే వీసా తెచ్చుకుని వచ్చేశాడు. వచ్చిన నెలకే దక్షిణ దీవిలోని ఈ టిమారూ ఊళ్ళో గ్యారేజీ వాళ్ళు పనిలో పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే, కారులో రెండు గంటల దూరంలో ఉన్న క్రైస్ట్‌చర్చ్‌లో ఒక నక్షాల ఆఫీసు నన్ను రమ్మంది. "అక్కడ నీకు మొదట్లో జీతం తక్కువ, పైగా నా పని ఇక్కడ. ముందు నాది కానీ బొద్దూ, తరవాత నీది చూద్దాం," అన్నాడు నాచో. అందులో తప్పుపట్టడానికేమీ లేదు, అదే నా ఖర్మ. వ్యాను అమ్మేశాం. నేను మోటెల్లో పక్కలు సర్దే పనికి కుదిరాను.

అధికారిణి ఫోన్ వచ్చేలోగా, ఆ వారమంతా, రోజూ సాయంత్రం, నా మొగుడికి నా గురించి నేర్పాను. మా అమ్మ ఊరు, నాకు పడని మందు, నేను మంచానికి ఏ వైపు పడుకుంటాను. "గోడ వైపు," అన్నాడు. "అది నువ్వు," అన్నాను. నెత్తి గోక్కున్నాడు. మర్నాడు మళ్ళీ అడిగితే టక్కున చెప్పాడు. నాచో చెడ్డవాడు కాదు, ఇంజిను విప్పినవాడు ఒక్క మర కూడా మర్చిపోడు. నన్నూ అలాగే విప్పి నేర్చుకున్నాడు. గ్యారేజీకి పోతూ తలుపు దగ్గర ఆగి, "చక్కెర లేదు, తలుపు వైపు, పెన్సిలిన్ పడదు," అని వల్లించి, నా బుగ్గ మీద ముద్దు పెట్టి పోయేవాడు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ వారం నేను సుఖపడ్డాను. ఫోన్ పక్కన పెట్టి, నా కళ్ళలోకి చూస్తూ, "నీకు దేనికి భయం?" అని అడిగాడు ఒకరోజు. పెళ్ళికి ముందు కూడా అడగలేదు అలాంటిది. నేను చెప్పాను, అతను విన్నాడు. పరీక్ష కోసమే అని తెలిసీ, తెలియనట్టు నన్ను నేను మోసం చేసుకున్నాను.

ఒక్క దగ్గర ఇద్దరం ఆగిపోయాం. "ఖాళీ దొరికితే నా భార్య ఏం చేస్తుంది?" అని తనే ప్రశ్న వేసుకుని నా వైపు చూశాడు. నేనూ ఆలోచించాను. ఖాళీ దొరికితే నీ చొక్కాలు ఇస్త్రీ చేస్తాను. ఖాళీ దొరికితే మీ అమ్మకి ఫోన్ చేస్తాను, అనుకున్నాను లోపల.

"నీకే తెలీకపోతే నేనేం చెప్పను?" అని పగలబడి నవ్వాడు. "పోనీ ఈత అని పెట్టుకుందామా? సముద్రం ఎదురుగానే ఉంది. వినడానికి బాగుంటుంది."

సరే అన్నాను. చిన్నప్పుడు చిలీలో, దిచాతో అనే ఊరి బీచిలో నేను పడవలదాకా ఈదేదాన్ని, మా నాన్న గట్టు మీంచి కేకలు పెట్టేవాడు. ఇక్కడికొచ్చాక నీళ్ళలో కాలు పెట్టలేదు. పెట్టుకుందాం అనగానే అదంతా గుర్తొచ్చింది, కానీ అతను అప్పటికే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు.

సోమవారం వచ్చింది. అధికారిణి మొదట నాచోతో మాట్లాడింది. అతను పడగ్గదిలో, నేను వంటింట్లో. "నా భార్య టీలో చక్కెర వేసుకోదండి," అంటున్నాడు. "సముద్రమంటే ప్రాణం ఆమెకి, సెలవు దొరికిందంటే నీళ్ళలోనే." ఎంత ప్రేమగా చెప్పాడో! ఆ మాటల్లోని ఆడమనిషిని చూస్తే నాకే ముచ్చటేసింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. కొళాయి తిప్పి మొహం కడుక్కున్నాను.

తర్వాత నా వంతు. అతని గురించి నేనేమీ చదువుకోలేదు. చెప్పుల కొలత, నిద్రలో పళ్ళు కొరకడం, ఉల్లిపాయ పొరలు ఏరి పళ్ళెం అంచున పెట్టడం, గడగడా చెప్పుకుపోయాను. ఆవిడ మెత్తగా నవ్వింది. "ఒక్క ప్రశ్నండీ. మీరు మీ ఆయన కంటే ముందు, ఒక్కరే వచ్చారు కదా. ఎందుకు వచ్చారు?"

అది మా పాఠాల్లో లేదు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అత్తగారు తిట్టింది, నాచో ఏడ్చాడు, కానీ ఎందుకని అడగలేదు. ఒక్కదాన్నే ఉంటే నేనెలా ఉంటానో చూసుకుందామని వచ్చానండీ అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ జవాబుకి ఎవరిస్తారు, మొగుడి పక్కన బతకడానికి వీసా?

"మా ఇద్దరి భవిష్యత్తు కోసమండీ," అన్నాను. "ముందు నేను వచ్చి చూసి, తర్వాత తనని పిలిపించుకుందామని అనుకునే వచ్చాను."

ఆవిడ సంతోషించింది. నా ఏడాదిని, నా వ్యానుని, నా పాటల్ని ఆ ఒక్క మాటతో నాచోకి రాసిచ్చేశాను.

ఇద్దరికీ రెసిడెన్సీ వచ్చింది. ఆదివారం పెరట్లో మాంసం కాల్చాం, ఊళ్ళో ఉన్న చిలీ వాళ్ళంతా వచ్చారు. వీడియో ఫోన్లో అత్తగారు ఆనందంతో కళ్ళు ఒత్తుకుంది. "మా వాడు నిన్ను పరాయి దేశంలో నిలబెట్టాడమ్మాయ్. వాడి ఋణం ఉంచుకోకు," అంది. "అలాగే అత్తయ్యా," అన్నాను. నాతో మోటెల్లో పనిచేసే యాస్నా పక్కనే ఉండి విని, నా కాలు తొక్కింది. "అలాగే ఏంటే? నువ్వు తెచ్చిన మొగుడే కదా వాడు!" అంది చెవిలో. ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వుకున్నాం, నాకు మాత్రం నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

వాళ్ళంతా వెళ్ళాక నేను అంట్లు తోముతుంటే, నాచో మంచి హుషారులో ఉండి, ఎన్నడూ లేనిది తనే టీ పెట్టి తెచ్చాడు. "తీసుకో బొద్దూ, ఇవాళ నువ్వు రాణివి." ఒక గుక్క తాగాను. రెండు చెంచాల చక్కెర.

అతను కావాలని చేయలేదు. పరీక్ష అయిపోయింది, పుస్తకం మూసేశాడు. నేను కప్పు సింకులో ఒంపేసి, చేతులు తుడుచుకుని, టవల్ తీసుకున్నాను.

"ఎక్కడికి?"

"ఈతకి."

"నీకు ఈత వచ్చా?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు పాపం.

నీళ్ళు ఒళ్ళు కోసేస్తున్నాయి. మొదటి అల తగలగానే అమ్మో అని అరిచాను, ఆ తర్వాత చేతులు వాటంతటవే కదిలాయి. ఎంత దూరం పోయానో తెలీదు. వెనక్కి తిరిగితే మా ఇంటి కప్పు చిన్నగా కనిపించింది. ఇన్నాళ్ళూ ఇంత దగ్గర్లో ఉండి రానందుకు నా మీద నాకే జాలేసింది.

జుట్టు కారుతుండగానే ఇంటికొచ్చి చెప్పాను. "నేను క్రైస్ట్‌చర్చ్ వెళ్తున్నాను నాచో. అక్కడ నక్షాల పని చూసుకుంటాను. గది కూడా చూసుకుంటాను, ఒక్కదానికే."

నాచో కుర్చీలోంచి లేచాడు. పొయ్యి మీద కెటిల్ ఉంది, సింకులో నా కప్పు ఉంది. "నాతో వచ్చిన కష్టమేంటి ఇప్పుడు? అన్నీ అయ్యాక! ఎందుకు?" అన్నాడు.

చివరికి అడిగాడు. ఈసారి నేను దేన్నీ కాపాడుకోవాల్సిన పని లేదు.

"ఈ దేశానికి మొదటిసారి ఎందుకొచ్చానో, అందుకే," అన్నాను.