అత్తగారి పాటకు ఆరడుగుల దూరం

తప్పంతా నా ఉద్యోగానిది. మహమ్మారి రోజుల్లో ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరుగా ఉన్నవాడికి, ప్రార్థన మందిరంలో పాటలు పాడే అత్తగారు ఉండకూడదు. "ప్రార్థించుకోవచ్చు, గొంతెత్తి పాడకూడదు" అన్న ఉత్తర్వును మందిరం తలుపుకి అంటించింది నేనే.

"దేవుడికీ నాకూ మధ్య మీ ఆఫీసేంటి అల్లుడుగారూ?" అత్తగారు నడివీధిలో నిలదీశారు.

"పాడితే తుంపర్లు పడతాయి అత్తయ్యా. జనం పోతారు."

"ఇన్నేళ్లుగా పాడుతున్నా. నా పాట విని ఒక్కరైనా పోయారా?"

పోకపోవడమే వింత! శ్రుతిది ఒక దారి, ఆవిడది ఒక దారి. గొంతు మాత్రం కిటికీలు దడదడలాడేంత గొంతు.

ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్. ఇంట్లో కూనిరాగం కూడా లేదు. మనిషి సగమైపోయారు. మా ఆవిడ నన్ను కొరకొరా చూసేది.

ఉత్తర్వు ఎత్తేయాలా, ఉంచాలా చెప్పమని పైవాళ్లు నన్నే అడిగారు. అది తెలిసి మందిరం పెద్దాయన ఆఫీసుకి వచ్చాడు. మత స్వేచ్ఛ అంటూ దులిపేస్తాడని బిగుసుకుని కూర్చున్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీకు దండం పెడతా సార్, ఇంకొన్నాళ్లు ఉంచండి. ఇన్నేళ్లకి ప్రశాంతంగా దేవుణ్ని తలుచుకుంటున్నాం."

సరేనందామనుకునేలోపే ఆ మాయదారి రోగం నాకే అంటుకుంది. మేడమీద గదిలో పడేశారు. ఒళ్లు కాలిపోతోంది, ఇక లేవనేమోనని నిజంగా భయం వేసింది. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే పెరట్లో అత్తగారు! నా ఆఫీసు టేపుతోనే దూరం కొలిచి, సుద్దముక్కతో గీత గీసి, దాని వెనక నిలబడి పాట ఎత్తుకున్నారు.

"మా అల్లుణ్ని చల్లగా చూడు తండ్రీ!"

పక్కింటి కుక్క తోక ముడిచి పరుగెత్తింది. నేను దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. పాట ఆగగానే, "ఇంకొక్కటి అత్తయ్యా!" అని అరిచాను.

నేను లేచి తిరిగే నాటికి ఊళ్లో కేసులు తగ్గిపోయాయి. ఉత్తర్వు ఉంచడానికి సాకూ లేదు, మనసూ లేదు. ఎత్తేయమని రాసి పంపాను.

మళ్లీ పాటలు మొదలైన రోజున ముందు వరసలో కూర్చున్నాను. పెద్దాయన నన్ను చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. అత్తగారు తనివితీరా పాడి, నేరుగా నా దగ్గరికి వచ్చారు.

"చెవుల్లో ఆ దూదేంటి అల్లుడుగారూ?"

"చ... చలిగాలి పడట్లేదు అత్తయ్యా."

"అయ్యో, అయితే మీకు ఒక్క ముక్కా వినపడి ఉండదు! ఆ దూది తీసేయండి, మొదటి నుంచీ పాడతా."

వెనకనుంచి పెద్దాయన "దేవుడా!" అన్నాడు. ఆ మందిరంలో అంత భక్తిగా ఎవరూ దేవుణ్ని పిలవగా నేను వినలేదు.