లక్ష్మీకాంతమ్మ మీద ప్రయోగం

లాల్‌గడి మలక్‌పేట్‌లో పొలాలు ప్లాట్లవుతున్న రోజులవి. లక్ష్మీకాంతమ్మకూ, ఆమె భర్త జనార్ధన్‌కూ డాక్టరు ఒకటే బీపీ మాత్ర రాశాడు. జనార్ధన్ అది మింగి స్కూటరేసుకుని మండలమంతా తిరిగొచ్చేవాడు. లక్ష్మీకాంతమ్మ అదే మింగితే ఇల్లే ఆమె చుట్టూ తిరిగేది.

ఒక పొద్దున బర్రె పాలు పిండి లేవబోయి, పాలతో సహా కింద పడింది. అప్పటినుంచి కోడలు ఆమెను కొట్టంలోకి పోనివ్వలేదు, పొయ్యి దగ్గరికీ రానివ్వలేదు. "నాకు మంచిగనే పనిజేస్తాంది. నీకేమైంది? అంత నీ మనసుల ఉంది," అనేవాడు జనార్ధన్. ఇంటిల్లిపాదిదీ అదే మాట. వినీ వినీ లక్ష్మీకాంతమ్మకే అనుమానం పట్టుకుంది, నిజంగానే తనకు మతి చెడిందేమోనని. నడుముకు తగిలిన దెబ్బకంటే ఆ అనుమానమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

అలాంటప్పుడు సాయిప్రియ అనే డాక్టరమ్మ ఊరికొచ్చింది. కోస్తా అమ్మాయి, మేడ్చల్ వైపు కొత్త కాలనీలో ఉంటుంది. పంచాయతీ అరుగు మీద ఆడవాళ్లను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. ఈ బీపీ మాత్రను మొదట పరీక్షించినప్పుడు అందులో ఆడవాళ్లు చాలా తక్కువట. అందుకే ఆడవాళ్ల ఒంటికి ఎంత మోతాదు సరిపోతుందో గట్టిగా తెలియదట. అది తేల్చే కొత్త పరీక్షలో ఇష్టమైతేనే చేరవచ్చు, వద్దనిపిస్తే ఎప్పుడైనా మానేయవచ్చు. అంతా బాగానే చెప్పింది గానీ, పాపం, చివర్లో కొంప ముంచుకుంది. "ఇది ఆడవాళ్ల మీద చేసే మందు ప్రయోగం," అంది.

అయ్యో తల్లీ! ఆ ఊళ్లో మందు పెట్టారన్నా, ప్రయోగం చేశారన్నా చేతబడి కిందే లెక్క. ఆ రెండు మాటలూ కలిపి వినేసరికి ఆడవాళ్లంతా కొంగులు దులుపుకుని లేచారు. అదే మాత్ర మింగే పక్కింటి తారాబాయి అందరికంటే ముందు మెట్లు దిగింది. తానేం తప్పు మాట్లాడిందో తెలియక సాయిప్రియ బిత్తరపోయింది.

లక్ష్మీకాంతమ్మ కూడా లేవబోయింది. తల గిర్రున తిరిగి మళ్లీ కూలబడింది. డాక్టరమ్మ గబగబా వచ్చి చెయ్యి పట్టుకుని, "ఈ మాత్ర వేసుకున్నాక మీకెలా ఉంటుందమ్మా?" అని అడిగింది.

ఇన్నాళ్లలో ఆ మాట అడిగిన నాథుడే లేడు. లక్ష్మీకాంతమ్మకు దుఃఖం ఆగలేదు. కళ్లొత్తుకుంటూ తల తిరగడం, కళ్లకు చీకట్లు కమ్మడం, పాలతో పడిపోవడం, అన్నీ చెప్పింది. సాయిప్రియ నవ్వలేదు, అడ్డు రాలేదు, ప్రతి మాటా రాసుకుంది. ఇది మనసులో పుట్టింది కాదని, మోతాదు ఎక్కువై ఉండవచ్చని, అది తేల్చాలనే తాను వచ్చానని చెప్పింది.

ఇంతలో కబురంది జనార్ధన్ ఊడిపడ్డాడు. సర్పంచిగా నిలబడాలని చూస్తున్న మనిషి. సొంత పెళ్లాం మీదే ప్రయోగమట అని ఊరంతా గుప్పుమంటే ఇంకేమైనా ఉందా?

"లే, ఇంటికి పోదాం. మా ఇంటిదాని మీద ప్రయోగం జేస్తరా?" అన్నాడు.

మెట్ల కింద ఆడవాళ్లంతా ఆగి చూస్తున్నారు. లక్ష్మీకాంతమ్మ కూర్చున్న చోటునుంచి కదలలేదు.

"ప్రయోగం ఇయ్యాల కొత్తగ జేస్తలేరు. గా గోలి మింగినకాంచి నా మీద అయితనే ఉంది. గిన్నొద్దులు రాసుకునేటోళ్లు లేకుండె, గంతే," అంది.

తారాబాయి మెట్లెక్కి వచ్చి లక్ష్మీకాంతమ్మ పక్కన కూర్చుంది.

"నాకు కాళ్లు వాస్తున్నయి డాక్టరమ్మా. నాది గూడ రాస్కో," అంది.