నలభై ఎనిమిది మీటింగులు

వాన తనకంటే ముందే ఊరు చేరిపోతుందేమో, చేరితే చేరనీ, పుస్తకం తడవకపోతే చాలు అనుకుంటూ అంజనమ్మ ఒళ్ళోని తీర్మానాల పుస్తకాన్ని కొంగు కిందికి ఇంకాస్త జరుపుకుంది, హోసూరు బస్సు కృష్ణగిరి దాటి మబ్బులోకి ఎక్కుతోంది, కిటికీ అవతల కొండలు ఉన్నట్టే ఉండి కరిగిపోతున్నాయి, మూడు గంటలకు తాసిల్దారు ఊరికి వస్తాడు, పంచాయతీ ప్రెసిడెంటుగా అంజనమ్మ ఉండాలా వద్దా అని మెంబర్లు తొమ్మిదిమందినీ అడిగి కలెక్టరుకు రాస్తాడు, రాస్తే రాయనీ, ఇందాక వకీలు జనార్ధనరావు పుటలు తిప్పుతూ ఎంత నవ్వాడు, నాలుగేళ్ళలో ఒక్క మీటింగూ పెట్టలేదని తొమ్మిదిమందీ రాసిచ్చినారు కదమ్మా, ఈడ చూస్తే నలభై ఎనిమిది మీటింగులు, ప్రతిదాని కిందా తొమ్మిదిమందివీ సంతకాలు, తాసిల్దారు ముందర ఈ పుస్తకం పెట్టు, ఒక్కడు నోరెత్తడు, ఎత్తితే అబద్ధం వాళ్ళదే అవుతాది అన్నాడు, గెలుపు ఇంత తేలిగ్గా ఉంటుందా, కొంగు కింద వెచ్చగా, నిద్రపోతున్న పిల్లిలాగా.

కళ్ళు మూతలు పడుతున్నాయి, రెప్పల కింద సంతకాలు కదులుతున్నాయి, గోపాలప్పది కొడవలిలాంటి సంతకం, పట్టుపురుగుల తట్ట మీద పుస్తకం పెట్టి గీకినాడు, ఏం రాసిందీ అడగలేదు, వైస్ ప్రెసిడెంటు అయ్యుండీ అడగలేదు, కాఫీ తాగిపో అక్కా అన్నాడు అంతే, ఆంజినప్ప షేర్ ఆటో నడుపుతాడు, ఇంజను ఆపకుండానే హ్యాండిలు మీద పెట్టి గీసినాడు, అందుకే అతని అక్షరాలన్నీ వణుకుతుంటాయి, అవును, పుస్తకం ఇల్లిల్లూ తిరిగేది, మెంబర్లు కదిలేవాళ్ళు కారు, పాత ప్రెసిడెంటు కాలంలో మీటింగంటే కుర్చీలు విరిగేవి, అది చూసే కదా తను గుడ్డసంచిలో పుస్తకం పెట్టుకుని గడప గడపా ఎక్కింది, విడివిడిగా అడిగితే ఎవరూ కాదనలేదు, ఎంత మంచివాళ్ళు విడివిడిగా, పంచాయతీ కొన్న తొమ్మిది కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ప్లాస్టిక్ కాగితంలోనే ఉండిపోయాయి, అయినా ఆ తొమ్మిదిమంది ఎవరు, ఒక్కో వీధి ఓటేస్తే వచ్చినవాళ్ళు, నాకు ఊరంతా ఓటేసింది గోపాలప్పా అని తను అంటే, పోయిన వారం, తనను దించమని వాళ్ళు అర్జీ పెట్టిన రోజున, ఊరంతా నీకు ఓటేసింది నిజమే అక్కా, ఊరు మాత్రం మా వీధుల్లోనే ఉండాది అన్నాడు, నవ్వకుండా అన్నాడు, అదే గుచ్చుకుంది.

శూళగిరి, శూళగిరి అని కండక్టరు అరుపు ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు వచ్చింది, అంజనమ్మ ఉలిక్కిపడితే పుస్తకం జారి తెరుచుకుంది, తెరుచుకోక తెరుచుకోక ఆ పుటే, మిట్టపల్లె మెంబరు నాంచారమ్మ వేలిముద్ర ఉన్న పుట, మిగతావన్నీ నల్లసిరావి, ఇది ఒక్కటే ఎండిపోయిన మట్టిరంగు, ఆ రోజు సిరా డబ్బీ మరిచిపోయింది తను, మిట్టపల్లె దాకా ఎక్కినాక మళ్ళీ ఎవరు దిగుతారు, నాంచారమ్మ మల్బరీ తోటలో ఆకు కోస్తోంది, పండ్ల రసం అంటుకుని వేలు ఊదాగా ఉంది, ఇదే చాలు అవ్వా అని తనే ఆ వేలు పట్టి అద్దింది, ఏమి రాసినారు తల్లీ అని అడిగింది అవ్వ, అడిగింది ఆమె ఒక్కతే, నీళ్ళకే అవ్వా అంది తను, అబద్ధం కాదు, బోరు గురించే, బోరు మిట్టపల్లెకు కాదు కిందవీధికని మాత్రం చెప్పలేదు, కింద అయితే నీళ్ళు తొందరగా పడతాయని, తన పదవిలో ఒక బోరైనా పారాలని, తర్వాత చెబుదామని, ఆ తర్వాత రాలేదు, అవ్వ ఇంకా కొండ దిగి బిందె మోస్తోంది, అర్జీలో మొదటి వేలిముద్ర ఆమెదే, ఇప్పుడు తాసిల్దారు ఈ పుట చూపించి ఇది నీ వేలేనా అంటే అవ్వ అబద్ధం చెప్పదు, నాదే స్వామీ అంటుంది, అందరి ముందూ అబద్ధాలకోరు అయ్యేది ఆమే, తనకు ఇంకో ఏడాది కుర్చీ.

ఊరి మామిడితోపుల దగ్గర దిగేసరికి తుంపర, పంచాయతీ ఆఫీసు దూరం నుంచే వినబడింది, తేనెతుట్టె కదిపినట్టు, తొమ్మిదిమందీ వచ్చారు, కుర్చీల ప్లాస్టిక్ కాగితం చింపి కింద పడేశారు, ఆంజినప్ప మురికికాలవ గురించి గొంతు చించుకుంటున్నాడు, కుర్చీలో కూర్చున్న నాంచారమ్మ కాళ్ళు నేలకు అందడం లేదు, గోపాలప్ప ముఖంలోకి వంగి, మా మిట్టపల్లె బోరు మీ దొడ్డిగోడ పక్కకు ఎట్ల నడిచి వచ్చిందప్పా అంటోంది, నువ్వూ వేలు పెట్టినావు కదవ్వా అంటున్నాడు అతను, నీళ్ళకని పెట్టినాను, నీ దొడ్డికని పెట్టినానా, ఎవరో నవ్వారు, గోపాలప్ప తల దించుకుని, నేనూ సదవలేదవ్వా, అక్క తెచ్చింది కదా అని గీకేసినాను అన్నాడు, అంజనమ్మ గడప దగ్గరే ఆగిపోయింది, తన కుర్చీలో తాసిల్దారు కూర్చుని ఉన్నాడు, ఏమ్మా, నాలుగేళ్ళలో మీటింగులు పెట్టినావా లేదా, రికార్డు ఉంటే చూపించు అన్నాడు, కొంగు కింద పుస్తకం బరువెక్కింది, తొమ్మిది ముఖాలూ ఇటు తిరిగాయి, లేదు సార్, ఇందులో ఉండేవన్నీ నేను ఇల్లిల్లూ తిరిగి తెచ్చిన సంతకాలు, మీటింగంటే ఇదే మొదటిది అంది, పుస్తకాన్ని తీసుకెళ్ళి అవ్వ ఒళ్ళో పెట్టింది, బోరు సంగతి ముందు తేలనీండి, నా సంగతి ఆఖర్న అడగండి అంది, వాళ్ళు మళ్ళీ ఒకరి మీద ఒకరు అరుచుకోవడం మొదలుపెట్టారు, ఒక్క కుర్చీ కూడా విరగలేదు, బయట వాన పెద్దదైంది, కూర్చోవడానికి చోటు లేక గోడకు ఆనుకుని నిలబడి వింటున్న అంజనమ్మకు, నాలుగేళ్ళుగా ఊరంతా తనకు ఇచ్చిందనుకున్న బలం ఏమిటో అప్పుడు తెలిసింది, ఈ తొమ్మిదిమందీ ఇన్నాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకపోవడం, అంతే.