మోటారుకు రాని మనిషి

బత్తలపల్లెలో బస్సు దిగేసరికి హబీబుల్లా గొంతు ఎండిపోయింది. పొద్దున్నుంచి మందు ముట్టలేదు మరి. చేతులు వణుకుతుంటే, పనిముట్ల సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు.

సంచి ఎందుకంటారా? అదో తెలివి. తన ఊరు యాడికి చుట్టుపక్కల ఎవరి బోరు మోటారు కాలిపోయినా వెతుక్కునేది హబీబుల్లానే. అలాంటివాడు తాగుడు మానేవాళ్ల మీటింగుకు పోతున్నాడని తెలిస్తే పరువేం కావాలి? మసీదు వీధిలో పట్టపగలు తూలినప్పుడు రాని సిగ్గు ఇప్పుడొచ్చింది. అందుకే బస్సులు మారి ఇంత దూరం వచ్చాడు. తెలిసినవాళ్లు ఎదురుపడితే మోటారు రిపేరుకని చెప్పొచ్చు.

రాక తప్పలేదు. భార్య నాజ్‌నీన్ కూతురు సిమ్రాన్‌ను తీసుకుని గోరంట్లలోని పుట్టింటికి వెళ్లిపోయింది. పోతూ పోతూ ఒకటే మాట చెప్పింది.

"నీ ఒట్లు నాకొద్దు. ఆ మీటింగులో నలుగురి ముందర నోరు తెరిచి, తాగుతానని ఒప్పుకో. అప్పుడొస్తా."

మీటింగు ఆదివారాల్లో బడి గదిలో జరుగుతుందని విన్నాడు. దారి అడిగితే సోడాబండి ఆమె చెయ్యి చాపింది.

"అదో, వైన్ షాపు కనపడ్తాండాదే, దాని పక్క సందులోనే బడి."

బడికి ఇంకో దారే దొరకలేదా ఈ ఊరివాళ్లకు! షాపు ముందుకు రాగానే కాళ్లు ఆగిపోయాయి. ఒక్క క్వార్టరు వేస్తే చేతులు కుదుటపడతాయి, మీటింగులో మాట కూడా ధారాళంగా వస్తుంది అనుకున్నాడు. ఇలాంటి ఆలోచనలకు మాత్రం అతని బుర్ర పాదరసం. సిమ్రాన్ గుర్తొచ్చి సందులోకి తిరిగాడు. మళ్లీ వెనక్కొచ్చాడు. తనను తానే ఒక బూతు తిట్టుకుని మళ్లీ సందులోకి నడిచాడు.

బడి గేటు దగ్గర నెరిసిన మీసాల మనిషొకడు ఎదురొచ్చాడు.

"వచ్చినావా అప్పా! నిన్నట్నుంచి నీకోసరమే చూస్తాండాం."

హబీబుల్లా గుండె ఝల్లుమంది. నా సంగతి ఈయనకెవరు చెప్పారు?

"నా పేరు శివప్ప. మీటింగు చూసుకునేది నేనే. మోటారు ఆ పక్కనుండాది, చూడు. స్విచ్చేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పిల్లోళ్లకు నీళ్లు లేవు."

సంచి చూసి పొరబడ్డాడన్నమాట. కాదని చెప్పడానికి హబీబుల్లా నోరు తెరిచాడు. "సరేన్నా, చూస్తా" అన్న మాట బయటికొచ్చింది. ప్రాణం లేచొచ్చినట్టయింది కూడా.

శివప్ప లోపలికి వెళ్లిపోయాడు. మోటారు స్టార్టరు డబ్బా సరిగ్గా మీటింగు గది కిటికీ పక్కనే గోడకు బిగించి ఉంది. హబీబుల్లా ఫీజులు పీకి, మూత తీశాడు. లోపల ఒక వైరు కాలి ఊడిపోయింది. చిటికెలో అయ్యే పని, చేతులు మాట వింటే. స్క్రూ రెండుసార్లు జారి దుమ్ములో పడింది.

కిటికీలోంచి ఆడగొంతు వినిపించింది.

"నా పేరు కృపాకుమారి. ఇంట్లో సీసాలు దొరికితే ఊరంతా మా ఆయన్ను తిట్టినారు. ఆయన నోరిప్పలేదు. తాగుతాండింది నేను."

హబీబుల్లా చెయ్యి స్టార్టరు మీదే ఆగిపోయింది. అప్పుడే జేబులో ఫోను మోగింది. నాజ్‌నీన్.

"యాడుండావు?"

"మీటింగుకాడ."

లోపల చప్పట్లు మోగాయి.

"చప్పట్లు ఇనపడ్తాండాయి. చెప్పినావా?"

"ఊఁ" అన్నాడు.

అవతల ఏడుపు వినిపించింది. "సిమ్రాన్, నీ బట్టలు సర్దుకో, మన ఇంటికి పోదాం" అని పిలవడం వినిపించింది. ఫోను కట్టయింది.

సంతోషించాల్సిన మాటే. కానీ అతను ఫోను జేబులో పడేసి స్టార్టరు వైపు తిరిగాడు. వైరు కోసి, కొత్త కొన కలిపి, ఫీజులు పెట్టి స్విచ్ వేశాడు. మోటారు గుర్రుమంది. కాసేపటికి కొళాయి దగ్గి, ఎర్రటి నీళ్లు కక్కి, తేటపడింది. శివప్ప పరుగున వచ్చాడు.

"శభాష్! నీ కూలెంతో చెప్పప్పా."

ఇక పోవచ్చు. పెళ్లాం వస్తోంది, పిల్ల వస్తోంది. గేటు దాటితే సందు, సందు చివర వైన్ షాపు. కాళ్లు ఎక్కడ ఆగుతాయో హబీబుల్లాకు తెలుసు. సిమ్రాన్ ఇల్లు చేరేసరికి వాళ్ల నాన్న ఏ స్థితిలో కనిపిస్తాడో కూడా తెలుసు. భయమేసింది.

"కూలొద్దన్నా."

"ఊరికే చేయించుకుంటామా?"

"నేను మోటారుకు రాలేదన్నా."

శివప్ప అతని చేతుల వంక చూశాడు. భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్లాడు. కృపాకుమారి పక్కకు జరిగి కుర్చీ చూపించింది. హబీబుల్లా కూర్చోలేదు. ఫోను తీసి నాజ్‌నీన్‌కు కలిపి, స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచాడు.

"బట్టలు సర్దొద్దు" అన్నాడు. "ఇందాక అబద్ధం చెప్పినా. నేను బయట మోటారుకాడ ఉండినా. ఇప్పుడు చెప్తాండా, ఇను."

హబీబుల్లా సంచి కింద పెట్టాడు.

"నా పేరు హబీబుల్లా. మాది యాడికి. నేను తాగుతా" అన్నాడు.

ఫోను అవతలి నుంచి నాజ్‌నీన్ ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఆమె పెట్టేయలేదు.