బోగీకి అవతలి వైపు

మా ఆయన వృత్తి పళ్ళ సెట్లు చేయడం, పిచ్చేమో బొమ్మ రైలు బోగీలు చేయడం. ఊళ్ళో సగంమంది నములుతున్నది ఆయన చేతి చలవతోనే. ఇంటికొస్తే మళ్ళీ అదే మైనం, అదే సన్నరంపం, ప్లాస్టిక్ రేకుల్లో కిటికీలు కోస్తూ కూర్చుంటారు. అసలు బోగీకి ఎన్ని రివిట్లుంటే ఈ జానెడు బోగీకీ అన్నే ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా విరిచి పారేస్తారు. ముందుగది గోడలన్నీ బోగీలే. దుమ్ము దులిపే భాగ్యం మాత్రం నాది.

ఒకప్పుడు వాటిని చూస్తే ఒళ్ళు మండేది. మామయ్యకు చూపు పోయాక ఆ మంట చల్లారింది.

మామయ్య బోగీల కార్ఖానాలో వడ్రంగి పని చేశారు. రెండు కళ్ళూ పోయాక మనిషి గోడవైపు తిరిగి పడుకున్నారు. పలకరిస్తే పలకరు. ముద్ద నోటిదాకా తీసుకెళ్తే పెదవులు బిగించేస్తారు. డాక్టరు వచ్చి చూశాడు.

"ఒంట్లో జబ్బేం లేదమ్మా. ఆయనకి బతకాలని లేదు. ఇలాగే పస్తులుంటే ఎన్నాళ్ళో ఉండరు," అన్నాడు.

మందు రాసిస్తే ఎలాగోలా తెచ్చి పోసేదాన్ని. బతకాలనిపించే మందు ఏ షాపులో దొరుకుతుంది?

ఒక్క బోగీలకే మామయ్య చెయ్యి చాచేవారు. మా ఆయన ఒకటి తెచ్చి చేతిలో పెడితే వేళ్ళతో తడిమి, "ఇది భోజనాల బోగీ. పైన గాలిగొట్టం కాస్త ఎత్తయింది," అనేవారు. ఆ మాటల సందులో నేను నాలుగు ముద్దలు పెట్టేసేదాన్ని. అలా గోడల మీది బోగీలన్నీ అయిపోయాయి. ఇక మా ఆయన కొత్తది మొదలుపెట్టారు. మామయ్య పనిలో చేరిన కొత్తలో తన చేతులతో చెక్కపని చేసిన మొదటి బోగీకి నమూనా అది. దొరికింది ఒక్కటే ఫొటో, ప్లాట్‌ఫారం మీద నుంచి తీసింది. పళ్ళు కట్టే బుర్ర కదా, కుడి దవడ ఎలా ఉంటే ఎడమ దవడా అలాగే ఉంటుందనుకున్నారు. ఫొటోలో కనిపించిన కిటికీలనే రెండో వైపూ దించేశారు.

మామయ్య ఇవతలి వైపు తడిమారు. ముఖం విప్పారింది. నేను ముద్ద కలిపి సిద్ధంగా ఉన్నాను. బోగీని తిప్పారు, వేళ్ళు ఆగిపోయాయి.

"ఇది నాది కాదురా," అని పక్కమీద పెట్టేసి గోడవైపు తిరిగిపోయారు. ఆ పూటా, మర్నాడూ మెతుకు ముట్టలేదు. మరి అవతలి వైపు ఎలా ఉంటుందో చెప్పమని మా ఆయన కాళ్ళావేళ్ళా పడ్డా ఉలుకూ పలుకూ లేదు.

ఆ రకం బోగీ ఒక్కటే మిగిలిందని, తుక్కు యార్డులో ఉందని ఇంకో బోగీల పిచ్చాయన ఫోన్లో చెప్పాడు. పక్కింటావిడను మామయ్య దగ్గర కూర్చోబెట్టి ఉన్నపళంగా పరుగెత్తాం. తీరా వెళ్తే నిలబడి ఉన్నది ఒక్క గోడ. అది ఫొటోలో ఉన్న గోడే.

"అవతలిది పొద్దున్నే కోసేశానండీ," అన్నాడు గ్యాస్ కట్టర్ పట్టుకున్న మనిషి. "కొలతలా? నేను కోసేవాణ్ణే గానీ కొలిచేవాణ్ణి కాదు."

మా ఆయన ఆ ఇనుప ముక్కల కుప్పలో మోకాళ్ళమీద కూలబడి ముక్కకు ముక్క అతికించి చూడటం మొదలుపెట్టారు. అరచెయ్యి తెగింది. అదేం పట్టలేదు.

"లేవండి. అవి అతికేవేనా?"

"నాన్న పోతాడే," అన్నారు. "నా తెలివితక్కువతనానికి నాన్న పోతాడే." పెళ్ళయ్యాక ఆయన ఏడవగా చూడటం అదే మొదలు. నాకు భయం పట్టుకుంది. నాకు భయమేసిందంటే కోపం వస్తుంది, అదేం రోగమో.

ఆ కోపంతోనే ఇంటికొచ్చి మామయ్య మంచం పక్కన నిలబడ్డాను.

"మామయ్యా, మీ బోగీని కోసేశారు. దాని అవతలి వైపు ఈ లోకంలో ఇంక మీ బుర్రలో తప్ప ఎక్కడా లేదు. మీరు నోరు విప్పకుండా పోతే అదీ పోతుంది. వెళ్తే వెళ్ళండి, మీ ఇష్టం."

మా ఆయన నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు.

"కోసేశారా," అన్నారు మామయ్య. తర్వాత మెల్లగా ఇటు తిరిగారు. "బాత్రూం కిటికీ ఈ చివర కాదు అమ్మాయ్. ఆ చివర."

అది మొదలు, సాయంత్రం అయితే చాలు మామయ్య చెప్పడం, మా ఆయన కోయడం, ఆయన తడిమి తిట్టడం. "పళ్ళు కట్టుకునేవాడివి నీకు కిటికీలెందుకురా," అంటూ తిట్టినంతసేపూ తినేవారు. నా ప్రాణం కుదుటపడింది. అయితే బోగీ అవతలి గోడ ఎంతకీ తెమలదే. ఒకరోజు చూద్దునుగా, మా ఆయన సరిగ్గా ఉన్న కిటికీ పట్టీని కావాలని పొట్టిగా కోస్తున్నారు.

"అదేంటండీ, నిన్ననేగా సరిచేశారు?"

"అరవకు. ఇది పూర్తయితే నాన్న మళ్ళీ గోడవైపు తిరుగుతాడు."

వెంట్రుకవాసి తప్పును సహించని మనిషి రోజుకో తప్పు వెతికి పెట్టసాగారు. మామయ్య పట్టేసేవారు. మేమిద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

రాను రాను మామయ్య గొంతు తగ్గింది, తిట్లూ తగ్గాయి. ఆ సాయంత్రం మా ఆయన తెగించి, బాత్రూం కిటికీనే తప్పు చివరన పెట్టారు. ఇంత పెద్ద తప్పుకు ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తారని ఆశ. మామయ్య వేళ్ళు ఒక్కో కిటికీనే దాటుకుంటూ, దాన్నీ దాటి, చివరిదాకా వెళ్ళాయి.

"కుదిరింది. ఇదేరా నా బోగీ."

"నాన్నా, ఇంకోసారి చూడు." మా ఆయన తనే ఆ వేలు పట్టుకుని అక్కడ ఆనించారు. "బాత్రూం కిటికీ ఈ చివర ఉంది, చూడు."

"అవును. అది ఉండేది అక్కడే కదా."

మా ఆయన నా వంక చూశారు.

"అవును నాన్నా," అన్నారాయన. "అక్కడే."

మామయ్య బోగీని గుండెల మీద పెట్టుకుని, రెండు చేతులూ దానిమీద వేసుకున్నారు. "ఈ పూట ఆకలిగా లేదు అమ్మాయ్," అన్నారు. నేను కలిపిన ముద్ద పట్టుకుని అక్కడే నిలబడ్డాను.