మధ్యలో ఒక ధన్యవాదం

సరేబాబుకి ఆ పేరు పెట్టింది సొంత మేనత్తే. ఏమడిగినా "సరే" అనేవాడు. పని జరిగినా సరే, జరగకపోయినా సరే, అసలు మొదలే పెట్టకపోయినా సరే. ఎదుటి మనిషి మొహం చిన్నబోవడం చూడలేని మెత్తదనం అతనిది. ఇలాంటి మెత్తటి మనుషుల వల్ల లోకానికి ఎంత నష్టమో ఎవరూ పైకి అనరు. పాపం మంచివాళ్ళు కదా, ఎలా అంటారు?

మేనత్త చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థ నడిపేది. సంస్థ అంటే పెద్ద మాట. ఉన్నవి రెండు గదులు. లోపలి గదిలో శబ్దం తిరక్కుండా గోడలకి పాత దుప్పట్లు, ఒక మైకు, ఒక కంప్యూటరు. బయటి గదిలో బల్ల, ఇంకో కంప్యూటరు, దాని ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న సరేబాబు. మధ్య గోడకి ఒక అద్దం కిటికీ. అత్త లోపల చదివేది, మేనల్లుడు బయట వినేవాడు. చదవడం కాగానే ఆవిడ తలుపు తీసుకుని వచ్చి "ఎలా వచ్చిందిరా?" అనేది. జవాబు మీకు తెలిసిందే.

ఆ ఏడాది అత్త ఒక మహా నవల నెత్తికెత్తుకుంది. దిండు కింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. వయొలిన్ మాస్టారొకాయన, కళ్ళు పోయాక ఇంక ఏమీ అక్కర్లేదుగానీ ఈ ఒక్క నవల వినాలి అన్నాడట. మిగతా చోట్ల దాని బరువు చూసి దణ్ణం పెట్టేశారు. అత్త మాత్రం పట్టిన పట్టు వదిలే రకం కాదు. సగంలో ఉండగా పళ్ళ డాక్టరు, చిగుళ్ళు పాడైపోయాయి, పళ్ళన్నీ తీసెయ్యాలన్నాడు. "నవల అయ్యేదాకా ఒక్కటి కూడా కదలడానికి వీల్లేదు" అని డాక్టరుకే హుకుం జారీ చేసి, బుగ్గన లవంగం పెట్టుకుని చదువుతూ పోయింది. చివరి అధ్యాయం పొద్దున ముగించి, మధ్యాహ్నం వెళ్ళి పళ్ళన్నీ పీకించుకుంది. ముప్పై ఏళ్ళుగా వినేవాళ్ళు గుర్తుపట్టే ఆ గొంతు ఇక ఆ రికార్డులోనే ఉంది.

నాలుగు రోజులు తిరక్కుండానే లోపలి గది కంప్యూటరు టకటకమని చప్పుడు చేసి, ప్రాణం వదిలేసింది. సరేబాబు ఏమీ కంగారుపడలేదు. రోజూ సాయంత్రం స్క్రిప్టు ఒకటి, అంటే కంప్యూటరుకి అతను రాసిపెట్టిన ఆజ్ఞల చిట్టా, ఆ రోజు రికార్డయినదంతా ముందు బయటి కంప్యూటరులో తాత్కాలికంగా ఒక ఫోల్డరులో దించి, అక్కణ్ణుంచి బల్ల కింది డిస్కులోకి కాపీ చేస్తుంది. చేశాక తెరమీద "సరే" అని వేస్తుంది. రోజూ వేసింది. తాత్కాలిక ఫోల్డరుని ఇంకో స్క్రిప్టు చెరిపేస్తుంది, అంచేత దాచుకున్నదంతా డిస్కులోనే. అతను ధీమాగా బల్ల కిందికి వంగాడు.

డిస్కు తీగ ఊడి వేలాడుతోంది. దాని ప్లగ్గులో టేబుల్ ఫ్యాను ఉంది.

తీగ తగిలించి చూస్తే, డిస్కులో నవల మొదటి నాలుగు అధ్యాయాలే ఉన్నాయి. అత్తకి ఉక్కపోసిన రోజు నుంచి ఏమీ లేదు. మరి రోజూ "సరే" అన్నది ఎవరు? స్క్రిప్టు తెరిచి లైను లైనూ చదివాడు. చదువుతుంటే చెవులు వేడెక్కాయి.

షెల్ అని, నల్లటి తెరమీద ఆజ్ఞలు టైపు చేస్తే చేసిపెట్టే ప్రోగ్రాము ఒకటుంటుంది. అందులో కొన్ని ప్రత్యేకమైన వేరియబుల్స్, అంటే విలువలు దాచుకునే డబ్బాలు, ఉంటాయి. వాటిని మనం నింపక్కర్లేదు, షెల్లే నింపుకుంటుంది. $0 అంటే నడుస్తున్న స్క్రిప్టు పేరు. $# అంటే దాన్ని పిలిచేటప్పుడు దాని చేతికి ఎన్ని మాటలు అందించామో ఆ లెక్క. ఇక $? అంటే, చేసిన పని ఏమైందని అడగడం. సున్నా వస్తే క్షేమం, ఇంకేమొచ్చినా ఎక్కడో బెడిసికొట్టినట్టు. కానీ దానికి మహా మతిమరుపు. అన్నిటికన్నా చివర జరిగిన పని ఒక్కటే దానికి గుర్తుంటుంది. దాని ముందు కొంప కాలిపోయినా దానికి పట్టదు.

సరేబాబు మొదట రాసినప్పుడు అంతా సవ్యంగానే ఉంది. కాపీ లైను, దాని కిందే $? చూసే లైను. తర్వాత అత్త ఒకసారి "మెషీను ఏదో ఇంగ్లీషులో గొణుగుతోందిరా, నాకు పడదు" అంది. సరే అని, తప్పులు చెప్పే సందేశాలేవీ తెరమీదకి రాకుండా చేశాడు. ఇంకోసారి "ఇంత పని చేసుకుని ఒక్క మంచిమాటైనా అనదేం?" అంది. సరే అని, "ధన్యవాదాలు" అని తెరమీద చూపించే లైను ఒకటి చేర్చాడు. ఎక్కడ చేర్చాడు? కాపీ లైనుకీ, $? లైనుకీ నట్టనడుమ. పని కాగానే ధన్యవాదం చెప్పడం మర్యాద కదా!

ఆ రోజు నుంచి $? చెబుతున్నది కాపీ సంగతి కాదు, ధన్యవాదం సంగతి. ధన్యవాదం చెప్పడంలో ఫెయిలయ్యేదేముంది? రోజూ సున్నా. రోజూ సరే. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, అడిగింది నవల గురించి, అది చెప్పింది తన మర్యాద గురించి.

అంతలో ఫోను మోగింది. వయొలిన్ మాస్టారు.

"బాబూ, నవల పూర్తయిందని అమ్మగారు కబురు పెట్టారు. పంపిస్తారా?"

"సరేనండీ" అన్నాడు. అన్నాక నోటిమీద కొట్టుకున్నాడు.

సాయంత్రం అత్త ఇంటికి వెళ్ళాడు. నిజం చెప్పడానికే వెళ్ళాడు, దారంతా మాటలు కూర్చుకున్నాడు కూడా. అత్త బుగ్గలు ఉబ్బి, నోట్లో దూది కుక్కుకుని పడక్కుర్చీలో ఉంది. మాట్లాడలేక కనుబొమ్మలు ఎత్తి, పుస్తకం పట్టుకున్నట్టు అరచేతులు విప్పి చూపించింది. నవల భద్రమేనా అని. ఆ కళ్ళు చూశాక సరేబాబు కూర్చుకున్న మాటలు గాల్లో కలిశాయి.

"సరే అత్తా, అంతా సరే" అన్నాడు. ఇంటికొచ్చి భార్య మీద కారణం లేకుండా విసుక్కున్నాడు. ఆవిడ "అత్త దగ్గర పిల్లి, ఇంట్లో పులి" అని కంచం ముందు పెట్టి వెళ్ళిపోయింది. అన్నం సయించలేదు.

మర్నాడు రాజీనామా రాద్దామని బయటి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నాలుగు ముక్కలు రాసి దాచబోతే, జాగా లేదు పొమ్మంది. గోరుచుట్టు మీద రోకలిపోటు. రాజీనామాకి కూడా చోటు లేనంతగా ఇందులో ఏం నిండిందని వెతికాడు. తాత్కాలికంగా దించుకునే చోట ఫోల్డర్లు, ఒక్కోదానికి ఒక్కో నెంబరు, బారులు తీరి ఉన్నాయి. ఒకటి తెరిచాడు. హెడ్‌ఫోన్లలో అత్త గొంతు, సొంత పళ్ళతో, గలగలమంది. కుర్చీలోంచి లేచి గది చుట్టూ తిరిగాడు. ఆనందంతో కాళ్ళు నిలవలేదు.

అవి అక్కడ ఎందుకున్నాయంటే, ఆయన గారి ఇంకో తప్పు వల్ల. కాపీ స్క్రిప్టు ఆ ఫోల్డరుకి $$ అని పేరు పెడుతుంది. $$ అంటే ఆ స్క్రిప్టు నడిచేటప్పుడు దానికి వచ్చే సొంత నెంబరు. వంట చేసినవాళ్ళే గిన్నెలు కూడా తోమాలా అని, శుభ్రం చేసే పనికి సరేబాబు వేరే స్క్రిప్టు రాశాడు. అందులోనూ $$ పేరున్న ఫోల్డరు చెరిపెయ్యమనే రాశాడు. ఎవరి నెంబరు వాళ్ళదే కదా! రెండో స్క్రిప్టు రోజూ వచ్చి, తన నెంబరున్న ఫోల్డరు కోసం చూసి, కనపడక, ఉన్నా లేకపోయినా కిమ్మనకుండా చెరిపెయ్యమని రాశాడు కనక, కిమ్మనకుండా వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ గిన్నె ఒక్కటీ తోమలేదు. మొదటి తప్పు ముంచిన నవలని రెండో తప్పు ఒడ్డున పడేసింది.

అంతా ఉంది, ఒక్క చివరి అధ్యాయం తప్ప. అది వచ్చేసరికి జాగా అయిపోయింది. యథాప్రకారం ధన్యవాదాలు, సరే.

ఈసారి సరేబాబు దారిలో మాటలు కూర్చుకోలేదు. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే చెప్పేశాడు. "అత్తా, చివరి అధ్యాయం పోయింది. మిగతాదీ పోయిందనుకున్నా, దొరికింది. నిన్న నీకు అబద్ధం చెప్పా."

అత్త నోట్లో దూది తీసేశారు, పళ్ళు మాత్రం ఇంకా రాలేదు. మాట కాస్త జారుతున్నా కోపం ఎక్కడా జారలేదు. జరిగిందంతా చెప్పించుకుంది.

"మెషీను కూడా నీలాంటిదే దొరికిందిరా నీకు" అంది. మళ్ళీ తనే, "ఆ ప్లగ్గు పీకింది నేనే కదూ?"

"సరే అ..." అనబోయి ఆగాడు. "నువ్వే అత్తా."

కట్టుడు పళ్ళు వచ్చాక, లోపలి గదిలోకి కొత్త కంప్యూటరు వచ్చాక, అత్త మళ్ళీ మైకు ముందు కూర్చుంది. చివరి అధ్యాయం మొదటి నుంచి తుదిదాకా చదివింది. తలుపు తీసుకుని వచ్చింది.

"ఎలా వచ్చిందిరా?"

సరేబాబు గొంతులో "సరే" సిద్ధంగా ఉంది. మింగేశాడు. "రాలేదత్తా. 'స' వచ్చిన చోటల్లా ఈల వేస్తోంది. మళ్ళీ చదవాలి."

పుట్టి బుద్ధెరిగాక అతను ఎవరికైనా మొహం మీద చెప్పిన మొదటి 'కాదు' అది. అత్త అక్కడే నిలబడిపోయింది. కోపమొచ్చిందనుకున్నాడు. ఆవిడ మాత్రం వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇన్నాళ్ళూ నేను చదివి వచ్చినప్పుడల్లా సరే అన్నావు. అవన్నీ నిజమేనా?"

"చాలావరకు నిజమే."

"చాలావరకా?"

సరేబాబు నేల చూపులు చూశాడు. "పెళ్ళి అధ్యాయంలో నువ్వు నిద్రపోయావత్తా. గురక కూడా పడింది. లేచి, రెండు పేజీల అవతల నుంచి అందుకున్నావు. గురక తీసేశాను గానీ, ఆ రెండు పేజీలు రానేలేదు. పెళ్ళికూతురు ఎవర్ని చేసుకుందో వినేవాళ్ళకి ఎప్పటికీ తెలీదు."

అత్త పకపకా నవ్వింది. పళ్ళు ఊడిపోతాయని చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగింది. ఆ చెయ్యి అలాగే బుగ్గ మీద ఉండిపోయింది.

"ఆ మాట ఆ రోజే చెప్పుంటే, నా పళ్ళతో చదివేదాన్ని కదరా."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే తట్టుకునేవాడు. అత్త నవల తీసి పెళ్ళి అధ్యాయం వెతికి పట్టుకుంది.

"ముందు ఆ పెళ్ళికొడుకు సంగతి చూద్దాం. తేడా వస్తే అద్దం మీద కొట్టు" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మొదటి వాక్యం పూర్తవకుండానే సరేబాబు అద్దం మీద కొట్టాడు.